నేరుగా చూడండి

జూన్ 5, శుక్రవారం

బ్యూటీ పార్లర్ ఆవిడ ఈ రోజు ఒక ఫొటో తెచ్చింది. ఫ్రేమ్ కట్టాలట. పార్లర్‌లో కౌంటర్ వెనక గోడకు వేలాడదీస్తుందట. చూస్తే అది ఆవిడ ముఖమే. కానీ ముఖం నిండా సాలెగూడు అల్లినట్టు తెల్లని గీతలు. కనుబొమ్మ నుంచి ముక్కు కొనకు ఒకటి, ముక్కు నుంచి గడ్డానికి ఒకటి, ఈ చెవి నుంచి ఆ చెవికి ఒకటి. కింద పెద్ద అక్షరాలతో 91.4 శాతం అని ఉంది. ఏం పరీక్ష రాశారమ్మా అని అడిగాను. ఆవిడ నవ్వి గోల్డెన్ రేషియో అంది. ఏఐ కొలిచిందట. నా షాపు పక్కనే ఉన్న మా బామ్మర్ది ఫొటో స్టూడియోలో తీయించుకుందట.

సాయంత్రం వాడిని నిలదీశాను. వాడు ఫోన్ తీసి నాకే పాఠం మొదలుపెట్టాడు. ఫోన్ ముఖం మీద చుక్కలు పెడుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం కొలుస్తుంది. పొడవును వెడల్పుతో భాగిస్తుంది. 1.618 వస్తే అందం. తప్పిన కొద్దీ మార్కులు కోత. శంఖంలో అదే లెక్క, పొద్దుతిరుగుడు పువ్వులో అదే లెక్క, నీ దేవుడు కూడా స్కేలు పట్టుకునే చేశాడు బావా అన్నాడు. నీ స్కోర్ ఎంతరా అన్నాను. అరవై నాలుగట. ఆ రోజు లైటింగ్ సరిగ్గా లేదట.

ఏళ్ళ తరబడి ఫ్రేములు కడుతున్నాను. బొమ్మను బట్టి చట్రం కోస్తాం. చట్రంలో పట్టలేదని బొమ్మకు చెవి కోసినవాడిని నేనింతవరకూ చూడలేదు.

ఆదివారం ప్రసంగంలో దీని మీదే మాట్లాడతాను. ఒళ్ళు మండిపోతోంది.

జూన్ 6, శనివారం, తెల్లవారుతుండగా

మా ఆవిడ ఎడమ కంటి రెప్పకు అంటించిన టేపు ఊడిపోయింది. కుడి కన్ను నిద్రపోయింది. ఎడమ కన్ను కాపలా కాసింది.

జూన్ 6, మధ్యాహ్నం

ప్రసంగానికి నోట్స్ రాసుకోవాలని కూర్చున్నాను. రాస్తే చాలదు, నోటితో చెప్పాలి. అక్కడే వచ్చింది చిక్కు.

మార్చి నుంచి నా ముఖంలో ఎడమ సగం నా మాట వినడం మానేసింది. కన్ను మూయమంటే మూయదు. నవ్వమంటే నవ్వదు. నోరు కుడివైపుకు ఈడ్చుకుపోయింది. ఫ్యాను గాలి కొట్టిందనుకుని వారం పైనే ఊరుకున్నాను. డాక్టర్ చూసి ఇది పక్షవాతం కాదు, ముఖ నరం వాచింది, మొదట్లోనే రావలసింది అన్నాడు. ఇప్పుడు ప, బ, మ అనబోతే ఎడమ మూల నుంచి గాలి తప్పించుకుపోతుంది. ప్రభువు అనే ఒక్క మాటలోనే రెండు చోట్ల గాలి పోతుంది. ఏ బైబిల్ కాలేజీ మెట్లూ ఎక్కనివాడిని. గ్రంథం ఒకటి, గొంతు ఒకటి, ఇవే నా డిగ్రీలు. అందులో ఒకటి చిరిగింది.

మా సంఘం టైర్ల షాపు పైన ఉన్న హాల్లో కూడుకుంటుంది. మాట తిన్నగా వచ్చేదాకా ఆ వేదిక ఎక్కనని చెప్పేశాను. రెండు నెలలు నోరు కట్టుకుని ఉన్నాను. మా ఆవిడ వంటింట్లో గిన్నె జారవిడిస్తే దాని మీద కూడా ప్రసంగం చేసేవాడిని, అలాంటిది ఇల్లు ఊరికే ఉండిపోయింది. చివరికి బామ్మర్ది ఒక దారి చెప్పాడు. స్టూడియోలో కూర్చుని కెమెరా ముందు మాట్లాడు బావా, లైవ్ పెడతాను, హాల్లో వాళ్ళు టీవీలో చూస్తారు, మిగతావాళ్ళు ఫోన్లలో చూస్తారు అన్నాడు. పోయిన నెల నుంచి అలాగే సాగుతోంది.

నా వీడియో ఒక్కటీ నేను చూడలేదు. చూడను. షాపుకు అద్దాలు వస్తే బోర్లా పెట్టి చట్రం బిగిస్తున్నాను. షాపులో రంపపు పొట్టు వంకన మాస్కు. వీధిలో దుమ్ము వంకన మాస్కు. కెమెరా ముందు తప్ప తీయను. ఎదురుగా నా ముఖం పూర్తిగా చూసినవాళ్ళు, డాక్టర్ కాక, ఇద్దరే. మా ఆవిడ, ఆవిడ తమ్ముడు.

జూన్ 7, ఆదివారం

మాట్లాడాను. దేవుడు తోడుగా ఉన్నాడు. గాలి పోయిన చోట పోయింది, నిప్పు మాత్రం ఎక్కడా ఆరలేదు.

గ్రంథంలో ఎత్తు చూసి, భుజాలు చూసి రాజుగా ఎంచుకున్నవాడు చివరికి ఏమయ్యాడో గుర్తుచేశాను. కళ్ళలో కాంతి లేదని, చెల్లెలే కావాలని పెళ్ళికొడుకు వద్దనుకున్న ఆ అక్క కడుపునే ఎన్ని గోత్రాలు పుట్టాయో లెక్కపెట్టమన్నాను. కుమ్మరి చేతిలో ఉన్న మట్టి కుమ్మరిని కొలుస్తుందా అని అడిగాను. ముఖానికి మార్కులు వేసే ఫోన్‌ను రేపు తీర్పు దినాన ఏ బల్ల మీద పెడతారు అని అడిగాను. మన కోసం గాయపడినవాడికే చూడటానికి సొగసు లేదని రాసి ఉంది, ఆయనకు ఈ యంత్రం ఎన్ని మార్కులు వేస్తుంది అని అడిగాను.

లైవ్ ఆపాక బామ్మర్ది లైట్లు తీస్తూ గొణిగాడు. నా వ్యాపారం మీద నిప్పులు పోయడానికి నా కెమెరా, నా కరెంటే కావలసి వచ్చిందా నీకు అన్నాడు. పైగా, ఆ రాజు తరువాత దేవుడు ఎంచుకున్న గొర్రెల కాపరి కూడా చక్కనివాడే అని రాసుంది కదా, అది చెప్పలేదేం అన్నాడు. సంఘానికి రాని వెధవకు ఈ వచనాలు మాత్రం భలే గుర్తుంటాయి.

నిజమే, రాసి ఉంది. అప్పటి నుంచి అదే పొడుస్తోంది.

జూన్ 10, బుధవారం

వీడియో ఎక్కడెక్కడికో వెళ్ళిందట. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ కామెంట్లు చదివి వినిపించింది. బ్రదర్ ముఖంలో ఆ తేజస్సు చూడండి అని ఒకరు. దేవుడు మిమ్మల్ని బాగుచేశాడు, స్తోత్రం అని ఇంకొకరు. అలాంటివి చాలానే ఉన్నాయట.

చాలా రోజుల తరువాత ఆకలి వేసింది. నేను చెప్పింది జనానికి ఎక్కింది. వంకర నోరు వాళ్ళ కంట పడలేదు, లోపలి మనిషి కనిపించాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మా ఆవిడతో ఆ మాటే అన్నాను. ఆవిడ బెండకాయ తరుగుతూనే ఉంది.

జూన్ 13, శనివారం, మధ్యాహ్నం పన్నెండు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఒకావిడ షాపుకు వచ్చింది. ఖాకీ చొక్కా, మెడలో తాడుకు ఈల. బస్సు కండక్టర్. నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది. ఏ సైజు ఫ్రేమ్ కావాలమ్మా అని అడిగాను. నా గొంతు వినగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మీరేనా బ్రదర్, మీ మాట వింటేనే సగం ప్రాణం లేచొచ్చింది అంది. కర్చీఫ్ తీసింది.

నా ముఖమే. అటుది ఇటు అయింది, అంతే. ఆవిడకు కుడి సగం జారిపోయింది.

మొన్న గురువారం పొద్దున మొదటి ట్రిప్పులో బయటపడిందట. స్టాపులో అందరూ ఎక్కారు, ఈల నోట్లో పెట్టుకుని ఊదింది, మోగలేదు. గాలి పక్కనుంచి పోయింది. డ్రైవర్ వెనక్కి తిరిగి ఏంటక్కా ఈ రోజు మౌనవ్రతమా అని నవ్వాడట. ఇంకోసారి ఊదింది. మళ్ళీ మోగలేదు. అప్పుడు డ్రైవర్ ముఖంలో నవ్వు పోయిందట. వాడే ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. డాక్టర్ అన్నీ చూసి, పక్షవాతం కాదు, నరం వాపు, మాత్రలు ఈ రోజే మొదలుపెట్టాలి, మూడు రోజులు దాటితే అవి అంతగా పనిచేయవు అని చీటీ రాసిచ్చాడట.

మాత్రలు వేసుకున్నారా అని అడిగాను. లేదంది. చీటీ బ్యాగులోనే ఉంది. మీ మొదటి వీడియో, ఈ వీడియో రెండూ చూశాను, మీకు మందు లేకుండానే ప్రార్థనతో తగ్గింది కదా బ్రదర్, నా నెత్తి మీద చేయి పెట్టండి చాలు, అని వంగింది.

నాకు తగ్గిందని ఎవరు చెప్పారమ్మా అని మాస్కు లాగేశాను.

ఆవిడ చాలాసేపు చూసింది. తరువాత బ్యాగులోంచి ఫోన్ తీసి, నా వీడియో పెట్టి, నా చెంప పక్కన పట్టుకుంది.

"మరి ఇదెవరు బ్రదర్?"

నేను చూశాను. ఫోన్‌లో నేను మాట్లాడుతున్నాను. తిన్నని నోరు. రెండు కళ్ళూ ఒకేలా మూసి తెరుస్తున్నాను. ముక్కు కూడా ముందెన్నడూ లేనంత చక్కగా ఉంది. ఆ అందగాడు వేలెత్తి, ముఖానికి మార్కులు వేసే ఫోన్‌ను నిలదీస్తున్నాడు.

నాకేమీ తెలియదమ్మా అన్నాను. ముందు మందుల షాపుకు పదండి, నేనూ వస్తాను, నా ఎదుటే మొదటి మాత్ర వేసుకోండి అన్నాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"అబద్ధం చెప్పిన నోరే ఇప్పుడు మందు వేసుకోమంటోంది. దేన్ని నమ్మమంటారు?"

కర్చీఫ్ అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను వీధి మలుపు దాకా పరిగెత్తాను. మాస్కు షాపులోనే ఉండిపోయిందని అక్కడ తెలిసింది. జనం చూశారు. చూడనీ. ఆవిడ అప్పటికే ఏదో బస్సు ఎక్కేసింది.

గురువారం పొద్దుటి నుంచి లెక్క. రేపు పొద్దునకు మూడు రోజులు.

జూన్ 13, మధ్యాహ్నం మూడు

బామ్మర్ది కాలర్ పట్టుకున్నాను. తప్పే. పట్టుకున్నాను.

దాచలేదు వాడు. ఆ కొలిచే యాప్‌లోనే సరిచేయి అని ఒక బటన్ ఉంది. నొక్కితే బాగున్న సగాన్ని తిప్పి బాగోలేని సగం మీద వేస్తుంది. తరువాత మొత్తాన్నీ 1.618 దగ్గరికి లాగుతుంది. లైవ్‌లో కూడా పనిచేస్తుంది. మొదట నన్ను కొలిస్తే ముప్పై ఎనిమిది వచ్చిందట. సరిచేశాక ఎనభై ఎనిమిది. వేరేవాడి మొహం తెచ్చి పెట్టానా బావా, నీ ఆస్తిలోంచే నీకు పంచాను అన్నాడు.

నా అనుమతి లేకుండా నన్ను ఎందుకు తిద్దావురా అని అరిచాను. వాడు తల దించుకున్నాడు. నా వెనక గుమ్మంలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"వాడిని అనకండి. నేనే చెప్పాను. మొదటి రోజు మీరు మాట్లాడుతుంటే వీడియో కింద నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకటి కాదు, వరసగా. మీకు కనపడలేదు. నాకు కనపడ్డాయి. నా మొగుడి మొహం చూసి దారినపోయేవాళ్ళు నవ్వుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా?"

బామ్మర్ది కాలర్ వదిలేశాను.

ఇక్కడ కూర్చుని ఏం రాస్తున్నాను? బస్ డిపోకు వెళ్తున్నాను. మాస్కు లేకుండా.

జూన్ 13, రాత్రి ఎనిమిది

ఆవిడ పేరు అడగలేదు. డిపోలో ఎవరిని అడగాలో తెలియక, నోరు పక్కకు పోయిన కండక్టర్ గారు ఎక్కడ ఉంటారు అని అడిగాను. అడిగినవాడి నోరే పక్కకు ఉంది. బెంచీ మీద టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించి చూశారు. ఒకడు, ఇదేమన్నా అంటురోగమా అని దూరం జరిగాడు.

ఆ ఈల కథలోని డ్రైవర్ అక్కడే దొరికాడు. మనిషి మోటు, మనసు మంచిది. నన్ను ఎగాదిగా చూసి, అక్క మీ వీడియో నాక్కూడా పంపింది, అందులో మీరు హీరోలా ఉన్నారు, ఇప్పుడేంటి ఇలా అయ్యారు అన్నాడు. జరిగింది చెప్పాను. వెంటనే ఆవిడకు ఫోన్ చేశాడు. నేనున్నానని చెప్పగానే ఆవిడ కట్ చేసింది. మళ్ళీ తీయలేదు. ఇల్లు ఊరి ఆ చివర, అడ్రస్ ఎవరికీ సరిగ్గా తెలియదట.

నా వీడియో తీసి పంపమన్నాను. డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు.

"వీడియోతోనే కదా ఆమె మోసపోయింది. ఇంకో వీడియో ఎందుకు నమ్ముద్ది?"

నిజమే. వాడే టీ తాగుతున్నవాళ్ళను పిలిచి నా వెనక నిలబెట్టాడు. వాళ్ళు ఆవిడకు రోజూ కనపడే ముఖాలు. తన ఫోన్ ఒకడికి ఇచ్చాడు. నేను మాట్లాడుతుంటే పక్కన నిలబడి, గ్రీజు అంటిన రెండు వేళ్ళతో నా ఎడమ చెంప పట్టుకుని లాగాడు. వదిలాడు. చెంప తడిబట్టలా మళ్ళీ జారింది. నల్లని మరక మిగిలింది. చూడక్కా, ఇది అసలు మొహమే, చేత్తో పట్టుకుని చూపిస్తున్నా అన్నాడు వాడు కెమెరాతో.

జీవితంలో అంత చిన్న ప్రసంగం చేయలేదు నేను.

"అమ్మా, నాకు తగ్గలేదు. నేను ఆలస్యం చేశాను. మీరు చేయకండి. మాత్ర వేసుకుని, తరువాత నన్ను ఎంతైనా తిట్టండి. ప్రార్థన నేను చేస్తాను. మాత్ర మీరు వేసుకోవాలి."

పంపాడు. కాసేపటికి నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ సబ్బు పెట్టి చెంప మీద గ్రీజు కడిగింది.

జూన్ 14, ఆదివారం, పొద్దున ఆరు

జవాబు లేదు.

జూన్ 14, మధ్యాహ్నం

ఆ బటన్ లేకుండా లైవ్ పెట్టమన్నాను. బామ్మర్ది చేతులు కట్టుకుని, వ్యూస్ పడిపోతాయి బావా అన్నాడు. పడనీ అన్నాను. మా ఆవిడ చీర కొంగు సర్దుకుని వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ కెమెరా ముందుకు రావడం ఇదే మొదలు.

ఇది నా ముఖం అన్నాను. ఇన్నాళ్ళూ మీరు చూసింది యంత్రం దిద్దినది, నాకు తెలియకుండా జరిగింది, కానీ నా పేరు మీద జరిగింది కాబట్టి తప్పు నాది అన్నాను. మీలో ఎవరికైనా నోరు పక్కకు పోతే నా దగ్గరికి రాకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి, వచ్చేటప్పుడు నా దగ్గరికి రండి అన్నాను. అంతే. లేచాను.

తేలికపడతాననుకున్నాను. కామెంట్లు చదివాను. ఈసారి నేనే చదివాను.

అబద్ధం ఆడినందుకు దేవుడు కొట్టాడు చూడండి, పోయిన వారం ఎంత చక్కగా ఉన్నాడు అని రాశారు. ఇలాంటివి లెక్కలేనన్ని. ఇది బ్రదర్ కాదు, గిట్టనివాళ్ళు ఏఐతో మొహం వంకర చేసి పెట్టారు, నమ్మకండి అని ఇంకొందరు.

దిద్దిన ముఖం అసలుది అయింది. అసలు ముఖం శిక్ష అయింది, లేకపోతే ఫేక్ అయింది. ఓ ప్రభువా, నీ జనం, నేను పెంచిన జనం. అద్భుతం కోసం చూడటం వాళ్ళకు నేర్పింది ఎవరు?

గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. మా ఆవిడ రెండుసార్లు కూర్చోమంది.

జూన్ 16, మంగళవారం

డ్రైవర్ బస్సు షాపు ముందు ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. అక్క లీవు పెంచింది, ఫోన్ తీయడం లేదు, నాకూ ఏమీ తెలియదు అని అరిచి వెళ్ళిపోయాడు. వాడి బస్సులో కొత్త కండక్టర్ ఉన్నాడు.

సాయంత్రం బామ్మర్ది స్టూడియోలో ఎవరూ లేనప్పుడు యాప్ తెరిచి నా ముందు పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. ముప్పై ఎనిమిదిని కళ్ళతో చూడాలనిపించింది. తెర మీద చుక్కలు కాసేపు తడుముకున్నాయి. స్కోర్ రాలేదు. ముఖం సరిగ్గా కనిపించడం లేదు, దయచేసి నేరుగా చూడండి అని వచ్చింది.

నేను నేరుగానే చూస్తున్నాను.

జూన్ 17, బుధవారం

పార్లర్ ఆవిడ ఫ్రేమ్ తీసుకెళ్ళింది. మూలలు బాగా కలిశాయని మెచ్చుకుంది. మాస్కు లేదు కాబట్టి నా ముఖం చూసి తడబడి, మీకు ఫేషియల్ చేస్తాను బ్రదర్, ఫ్రీగా, రక్తం ఆడుతుంది అంది. పాపం, మంచిదే. నేనే ఆవిడ మీద ఆ ప్రసంగంలో నిప్పులు పోశాను.

జూన్ 21, ఆదివారం

హాల్లో వేదిక ఎక్కాను. కింద షాపులోంచి రబ్బరు వాసన ఎప్పటిలాగే పైకి వస్తోంది. ముందు వరసలో ముగ్గురు నా ఎడమ చెంపతోనే మాట్లాడారు, నాతో కాదు. సగం కుర్చీలు ఖాళీ. ప్రభువు అన్నాను, గాలి పోయింది, మైకు ఆ గాలిని హాలంతా వినిపించింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆవిడ తిరిగి చూసింది. ఆ చూపుకు ఫ్యాన్లు కూడా ఆగుతాయి.

మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాను. వేగంగా మాట్లాడితే అసలు అర్థం కాదు మరి. వాచీలు బాగుచేసే పెద్దాయన మా సంఘంలో అందరికంటే పాత మనిషి. అయ్యాక మెట్ల దగ్గర నా చేయి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా నీ ప్రసంగం వింటున్నాను నాయనా. ఈ రోజే అర్థమైంది."

తిట్టాడో పొగిడాడో ఇంకా తేల్చుకోలేదు.

ఆ కండక్టరమ్మ కోసం పేరు చెప్పకుండా ప్రార్థించమన్నాను. నాకు పేరు తెలియదని వాళ్ళకు చెప్పలేదు.

జూన్ 29, సోమవారం

ప్రతి బస్సూ చూస్తున్నాను. పని సాగడం లేదు. ఒక చట్రం రెండుసార్లు తప్పు కోశాను.

జూలై 9, గురువారం

పెద్ద అద్దం ఒకటి చట్రానికి వచ్చింది. బోర్లా పెట్టలేదు. గోడకు ఆనించి బిగిస్తున్నాను. అద్దంలో నేను, నా వెనక వీధి, వీధిలో ఆ డ్రైవర్ బస్సు. ఫుట్‌బోర్డు మీద ఖాకీ చొక్కా. ఆవిడ నన్ను చూసింది. నవ్వలేదు.

ఈల మోగింది. గాలి కొంచెం పక్కకు పోయింది. బస్సు కదిలింది.